ముందు గదా, హాలా, డ్రాయింగ్ రూమా: కూర్చునే గదిని అమర్చి ఇచ్చే ఒక సేవపై సమీక్ష

ఇంట్లో ఉన్న సామానుతోనే కూర్చునే గదిని కొత్తగా అమర్చి ఇచ్చే సేవ ఒకటి మేము మూడు నెలల క్రితం తీసుకున్నాము. సోఫాలు అమ్మడం గానీ, గోడలకు చెక్కపని చేయించడం గానీ వీరి పని కాదు. ఇద్దరు మనుషులు వచ్చి గదిని కొలుస్తారు, ఇంట్లో ఉండే ప్రతి ఒక్కరితోనూ విడిగా మాట్లాడతారు, వారంలోగా ఒక ప్లాను గీసి ఇస్తారు, దానికి మనం ఒప్పుకుంటే మరొక రోజు వచ్చి సామాను జరిపి, దీపాలు మార్చి, ఒక చిన్న పుస్తకం చేతికిచ్చి వెళతారు. రుసుము ఎంతో గది మొత్తానికి కలిపి ముందుగానే చెబుతారు. అమర్చిన మరునాడు రాసే అభిప్రాయానికి పెద్ద విలువ ఉండదని, గదిలో మూడు నెలలు కూర్చుని చూశాకే ఇది రాస్తున్నాను.

మా గది 18 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు. వీధి తలుపు తూర్పు గోడకు ఉంది, పెద్ద కిటికీ పడమటి గోడకు ఉంది, లోపలి గదులకు వెళ్ళే దారి దక్షిణపు గోడ నడుమ ఉంది. ఉత్తరపు గోడకు ఆనించి ముగ్గురు కూర్చునే సోఫా, దానికి ఎదురుగా దక్షిణపు గోడకు ఆనించి రెండు కుర్చీలు, కిటికీ కింద ఒక దివాన్, వాయవ్య మూలన టీవీ, నడుమ ఖాళీ నేల. చూడడానికి విశాలంగానే ఉండేది. కానీ ఆ గదిలో ఎవరూ నిలిచి కూర్చునేవారు కాదు. వచ్చినవారు సోఫా అంచున కాసేపు కూర్చుని లేచేవారు, మేమేమో ఒక్కొక్కరం ఒక్కొక్క పడకగదిలో ఉండిపోయేవాళ్ళము. వినికిడి కొంత తగ్గిన మా అత్తయ్యగారైతే ఆ గదిలోకి రావడమే దాదాపు మానేశారు. లోపం సామానులో ఉందనుకుని కొత్త సోఫా కొనడానికి కూడా సిద్ధపడ్డాము. తెలిసినవారు ఒకరు వద్దని వారించి ఈ సేవ గురించి చెప్పారు.

మొదటిరోజు వచ్చిన అమ్మాయి టేపు బయటకు తీయకముందే అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తుంది. "అమ్మమ్మగారూ, ఈ గదిని మీరు ఏమంటారండీ?" అని మా అత్తయ్యగారి పక్కన కూర్చుని కాస్త గట్టిగా అడిగింది. ఆవిడ "ముందు గది అంటానమ్మా" అన్నారు. మావారిని అడిగితే "హాలు" అన్నారు. మా అబ్బాయి "టీవీ రూము" అన్నాడు. నేను, ఇల్లు కట్టించినప్పటి ప్లానులో ఉన్న మాటకు అలవాటుపడి, "డ్రాయింగ్ రూమ్" అన్నాను. ఆ అమ్మాయి నాలుగు పేర్లూ నాలుగు గడులలో రాసుకుని, ఒక్కొక్క పేరు కింద ఆ మనిషి ఆ గదిలోకి ఏ వేళప్పుడు వస్తారు, ఎక్కడ కూర్చుంటారు, ఎంతసేపు ఉంటారు, ఎందుకు లేచి వెళ్ళిపోతారు అన్నవి అడిగి నింపుకుంది. నలుగురం ఒకే గది గురించి మాట్లాడుతున్నామనే అప్పటిదాకా అనుకున్నాను. ఆ కాగితం చూశాక, మా నలుగురికీ కావలసినవి నాలుగు వేర్వేరు గదులనీ, నాలుగింటినీ 252 చదరపు అడుగుల్లో ఎవరికీ చెప్పకుండా ఇరికించామనీ అర్థమైంది. ఈ సేవలో నేను అన్నిటికంటే ఎక్కువ మార్కులు వేసేది ఈ ఒక్క ప్రశ్నకే.

ఇంట్లో ఏ గదికీ లేనన్ని పేర్లు ఈ గదికి ఉన్నాయి. వంటగది ఏ భాషలోనైనా వండే చోటే, పడకగది పడుకునే చోటే. ఈ గది దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక్కొక్క భాష ఒక్కొక్క పనిని పట్టుకుంది. అరబ్బీలో మజ్లిస్ అంటే కూర్చునే చోటు. ఆ పేరుతో జరిగే కూటాల సంప్రదాయాన్ని 2015లో యునెస్కో అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. రష్యన్‌లో గస్తీనయా అన్న మాట అతిథి అనే అర్థమున్న పదం నుంచి పుట్టింది, అంటే అక్కడ గదికి యజమాని అతిథి. జర్మన్‌లో వోన్‌త్సిమ్మర్ అంటే నివసించే గది. జపనీస్‌లో ఇమా అంటే ఉండే చోటు అని అర్థం, వచ్చినవారిని కూర్చోబెట్టడానికి మాత్రం ఓసెత్సుమా అని వేరే మాట ఉంది. టర్కిష్‌లోనూ అంతే, ఇంటివారు కూర్చునే గది ఒక పేరుతో, అతిథుల గది మరొక పేరుతో ఉంటాయి. గది ఎవరిదన్న ప్రశ్నకు ఒక్కొక్క భాష ఇచ్చుకున్న జవాబులే ఈ పేర్లన్నీ. మా ఇంటి కాగితం మీద ఉన్న నాలుగు గడులూ అవే జవాబులు.

వారు ఇచ్చిన చిన్న పుస్తకంలో ఈ పేర్ల గురించి రెండు పుటలు ఉన్నాయి. సామాను జరిపే సంస్థ ఇంత శ్రద్ధ తీసుకోవడం నాకు సంతోషం కలిగించింది. అయితే అందులో ఒక తప్పు ఉంది, అది చిన్నది కాదు. డ్రాయింగ్ రూమ్ అంటే పూర్వం బొమ్మలు గీసుకునే గది అని రాశారు. ఆ మాటకు చిత్రలేఖనంతో ఏ సంబంధమూ లేదు. ఇంగ్లండులో అది మొదట విత్‌డ్రాయింగ్ రూమ్, అంటే పదిమంది ఉన్న పెద్ద సాల నుంచి తప్పుకుని కొద్దిమంది విడిగా కూర్చునే గది. ముందున్న అక్షరాలు వాడుకలో రాలిపోయి 17వ శతాబ్దానికల్లా డ్రాయింగ్ రూమ్‌గా మిగిలింది. ఇది పదాల పట్టింపు కోసం చెప్పడం లేదు. మా అత్తయ్యగారికి కావలసినది సరిగ్గా అదే: టీవీ చప్పుడు నుంచి తప్పుకుని, అయినా ఇంటి నడుమనే ఉంటూ, ఇద్దరితో మాట్లాడుకోగల ఒక చోటు. ఆ మాటకు అసలు అర్థం వారికి తెలిసి ఉంటే, ప్లానులో ఆ మూల మొదటిసారే కుదిరేది. నేను రాసి పంపిన సవరణను ఒప్పుకుని, తరువాతి ప్రతిలో మారుస్తామని జవాబు ఇచ్చారు.

హాలు అన్న మాట విషయంలో పుస్తకం నాకు తెలియని సంగతి ఒకటి చెప్పింది. మధ్యయుగపు ఐరోపాలో పెద్ద ఇళ్ళలో హాలు అంటే అందరూ కలిసి తిని, కూర్చుని, చాలామంది పడుకునే ప్రధానమైన సాల. తరువాతి కాలంలో మాట్లాడుకోవడానికి పార్లర్, తప్పుకోవడానికి డ్రాయింగ్ రూమ్ అని విడివిడి గదులు ఏర్పడుతూ వచ్చేసరికి, బ్రిటిష్ ఇంగ్లీషులో హాలు క్రమంగా చిక్కిపోయి వీధి తలుపు వెనకనుండే నడవాకు పేరుగా మిగిలింది. మనం మాత్రం ఆ మాటను తెచ్చుకుని ఇంటికి ముఖ్యమైన గదికే వాడుకుంటున్నాము. కాబట్టి మావారు హాలు అన్నప్పుడు, తెలియకుండానే, ఆ మాట పుట్టిన ఇంగ్లీషువారికంటే పాత అర్థానికి దగ్గరగా ఉన్నారు. పార్లర్ కథ కూడా పుస్తకంలో ఉంది. మాట్లాడడం అనే అర్థమున్న ఫ్రెంచి పదం నుంచి వచ్చి, మౌనం పాటించే మఠాలలో సంభాషణకు అనుమతి ఉన్న గదికి పేరైంది. 19వ శతాబ్దపు అమెరికాలో ఇంట్లోని మంచి సామానంతా పెట్టి అతిథుల కోసం మూసి ఉంచే గదికి అదే పేరు. 1889 నుంచి 1919 వరకు లేడీస్ హోమ్ జర్నల్ పత్రికకు సంపాదకుడుగా ఉన్న ఎడ్వర్డ్ బాక్, ఇల్లు నిత్యం వాడుకోని గది వ్యర్థమని వాదించి, పార్లర్‌కు బదులు లివింగ్ రూమ్ అన్న మాటను వ్యాప్తిలోకి తేవడానికి పాటుపడినవారిలో ముఖ్యుడు. పేరు మారిస్తే వాడుక మారుతుందని ఆయన నమ్మాడు. మా గది కూడా ఈ మూడు నెలల ముందు వరకు ఆయన తప్పుపట్టిన పార్లర్ లాంటిదే.

పుస్తకంలో లేనిదీ, నేనైతే తప్పకుండా చేర్చేదీ దివాన్. పర్షియన్‌లో దివాన్ అంటే లెక్కల దస్తరం, ఆపైన ఆ దస్తరాలు చూసే కొలువు, ఆపైన ఆ కొలువు తీరే గది, చివరికి ఆ గదిలో గోడల పొడుగునా దిండ్లు వేసిన ఆసనం. తెలుగులోకి ఈ మాట రెండు దారుల్లో వచ్చింది. రాజుగారి దివాణమూ, మా కిటికీ కింద ఉన్న దివానూ ఒక్క మాటే. సోఫా అన్నది కూడా అరబ్బీ సుఫ్ఫా, అంటే కూర్చోవడానికి కట్టిన అరుగు లాంటి ఎత్తు. దివాన్ విషయంలోలాగా గది పేరే అందులోని వస్తువుకు పేరుగా మారడమూ ఉందని గ్రహించాక, సామాను స్థానం మార్చడం గది స్వభావాన్ని మార్చడమే అవుతుందన్న వారి మాట నాకు అతిశయోక్తిగా తోచలేదు.

ఇక అసలు పని. వారి ప్లానులో మొదటి మార్పు కుర్చీలను గోడ నుంచి విడదీయడం. అంతకుముందు సోఫాలో కూర్చున్నవారి ముఖానికీ, ఎదురు కుర్చీలో ఉన్నవారి ముఖానికీ మధ్య 11 అడుగుల దూరం ఉండేదని టేపు పెట్టి చూపించారు. మనుషుల మధ్య దూరాలను అధ్యయనం చేసిన ఎడ్వర్డ్ హాల్ 1960ల నాటి తన విభజనలో 4 నుంచి 12 అడుగుల వరకు సాంఘిక దూరమన్నాడు. అందులో దూరపు సగం పనిమీద వచ్చినవారితో ముక్తసరిగా మాట్లాడే దూరం. మేము ఇంటివాళ్ళమే అయినా కార్యాలయంలో కూర్చున్నట్టు ఎందుకు కూర్చున్నామో ఆ లెక్క చెప్పింది. హంఫ్రీ ఆస్మండ్ అనే మానసిక వైద్యుడు 1957లో ఆసుపత్రుల నిర్మాణం గురించి రాస్తూ, మనుషులను దగ్గరకు చేర్చే అమరిక, విడదీసే అమరిక అని రెండు రకాలు చెప్పాడు. రైల్వే స్టేషన్ల వంటివి రెండో రకానికి చెందుతాయి. గోడల వెంబడి వరసగా వేసిన కుర్చీలు చేసే పని కూడా విడదీయడమే. గది విశాలంగా కనపడాలన్న కోరికతో అన్నింటినీ గోడలకు నెట్టి, మేము ఆ పనే చేసుకున్నాము.

కొత్త అమరికలో సోఫా గోడకు అరడుగు ఎడంగా ఉంది. దాని అంచుకూ టీపాయికీ మధ్య అడుగున్నర, టీపాయి వెడల్పు రెండు అడుగులు, మళ్ళీ అడుగున్నర వదిలి రెండు కుర్చీలు, వాటి వెనక గోడ దాకా మూడు అడుగుల దారి. ముఖాల మధ్య దూరం ఇప్పుడు 8 అడుగులు. అడుగున్నర ఎందుకంటే, కూర్చున్నచోటు నుంచి వంగకుండా టీపాయి మీది వస్తువు అందాలి, మోకాళ్ళూ తగలకూడదు. మూడు అడుగుల దారి వల్ల జరిగిన మేలు నేను ఊహించనిది. వీధి తలుపు నుంచి లోపలికి వెళ్ళేవారు ఇప్పుడు కుర్చీల వెనకగా వెళతారు. ఇంతకుముందు ప్రతిసారీ మాట్లాడుకుంటున్నవారి నడుమ నుంచి దాటేవారు, మాట తెగిపోయేది. అన్నిటికంటే ముఖ్యంగా, మా అత్తయ్యగారు కుర్చీలో కూర్చుని సోఫాలో ఉన్నవారి మాట మళ్ళీ అడగకుండా వింటున్నారు. నేల మీద తివాచీ, కిటికీకి మందమైన కర్టెను పడడంతో గదిలో ప్రతిధ్వని తగ్గింది. అదీ ఆవిడకు కలిసివచ్చింది.

పెద్దవారున్న ఇళ్ళకు పనికివచ్చే మాట కాబట్టి కుర్చీ ఎత్తు గురించి కొంచెం వివరంగా చెబుతాను. మా సోఫా మెత్త మీద మనిషి కూర్చున్నాక ఆసనం నేల నుంచి 14 అంగుళాలకు దిగిపోతుంది. మోకాలి మట్టం కంటే కిందికి దిగిన ఆసనం నుంచి లేవాలంటే తొడల బలం ఎక్కువ కావాలి, చేతికి ఆనిక లేకపోతే ముందుకు తూలే ప్రమాదం ఉంటుంది. మా అత్తయ్యగారు సోఫా మీద కూర్చోకపోవడానికి కారణం ఇష్టం లేకపోవడం కాదు, లేవలేకపోతే ఎవరినో పిలవాలన్న మొహమాటం. ఆవిడ మాకు ఎప్పుడూ చెప్పని ఈ సంగతి, విడిగా కూర్చుని అడిగిన అమ్మాయికి చెప్పారు. రెండు కుర్చీలలో ఒకదానికి గట్టి మెత్త వేసి ఆసనం 18 అంగుళాలకు తెచ్చారు, దానికి చేతులు ఎలాగూ ఉన్నాయి. ఇప్పుడు అది ఆవిడ కుర్చీ. సాయంత్రాలు ఆవిడ అక్కడ ఉంటారు గనుకనే మిగతావాళ్ళం కూడా వచ్చి చేరుతున్నాము.

దీపాల విషయం క్లుప్తంగా చెబుతాను. పైకప్పు నడుమ ఉన్న ఒక్క తెల్లని దీపానికి బదులు మూడు చోట్ల మూడు ఎత్తుల్లో 2700 కెల్విన్ల పసుపు వెలుగు దీపాలు పెట్టారు. బాగున్నాయి. చదువుకునే కుర్చీ దగ్గర మాత్రం వెలుగు చాలలేదు, మేమే ఇంకొకటి కొన్నాము.

పొరపాటు జరిగింది టీవీ దగ్గర. గదిని రెండు భాగాలు చేసి, పడమటి 8 అడుగులు మా అబ్బాయికి వదిలారు; ఆలోచన మంచిదే. హద్దుగా ఒక పొట్టి పుస్తకాల అర పెట్టి, దాని మీద టీవీని కిటికీ వైపు తిప్పి, కిటికీ కింద ఉన్న దివాన్ మీద నుంచి చూసేలా అమర్చారు. కొలతలకు వచ్చింది ఉదయం పదింటికి. ఆ వేళ పడమటి కిటికీలో ఎండ ఉండదు. సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా తెర మీద కిటికీ ప్రతిబింబం తప్ప ఇంకేమీ కనపడేది కాదు. పైగా 55 అంగుళాల తెరకూ చూసేవారి కళ్ళకూ మధ్య 5 అడుగులు మాత్రమే మిగిలింది. తెర మీద ఒక మూల నుంచి ఎదురు మూలకు ఉండే కొలతకు ఒకటిన్నర నుంచి రెండున్నర రెట్ల దూరం ఉండాలని వారి పుస్తకంలోనే రాసి ఉంది. ఆ లెక్కన కనీసం ఏడడుగులు కావాలి. తమ పుస్తకంలోని కొలతను తామే పాటించకపోవడం క్షమించదగిన తొందరపాటు కాదని నేను వారికి స్పష్టంగానే చెప్పాను.

ఫిర్యాదు చేసిన తీరుకూ వారు స్పందించిన తీరుకూ ఇక్కడ న్యాయం చేయాలి. మొదటి జవాబుకు తొమ్మిది రోజులు పట్టింది, అది ఎక్కువ. కానీ ఈసారి సాయంత్రం ఐదింటికి వచ్చారు, ఎండ పడే తీరు చూశారు, తప్పు తమదేనని ఒప్పుకున్నారు, విడిగా రుసుము అడగలేదు. టీవీని ఉత్తరపు గోడకు, దివాన్‌ను దక్షిణం వైపుకు మార్చడంతో తెర కిటికీకి ఎదురుగా కాక పక్కగా వచ్చింది, దూరం 8 అడుగులైంది. పుస్తకాల అర మాత్రం ఉన్నచోటే ఉంది. దానివల్ల తూర్పు భాగంలో కూర్చున్నవారికి టీవీ కనపడదు, చప్పుడు సగానికి సగం తగ్గినట్టు తోస్తుంది. నేను పైన చెప్పిన తప్పుకునే చోటు చివరికి అలా ఏర్పడింది.

సామాను జరిపిన మనుషుల గురించి కూడా ఒక మాట. కాళ్ళ కింద గుడ్డలు వేసి జరిపారు, నేల మీద ఒక్క గీత పడలేదు. అత్తయ్యగారి కుర్చీని ఆవిడను కూర్చోబెట్టి, లేపి, మళ్ళీ కూర్చోబెట్టి, ఆవిడ సరే అన్నాకే వదిలారు.

ఐదుకు నాలుగు ఇస్తున్నాను. ఇంట్లో వేర్వేరు వయసులవారు ఉండి, గది ఉన్నా ఎవరూ కూర్చోవడం లేదనుకునేవారికి ఇది తప్పక పనికివస్తుంది. గది పదడుగుల లోపే ఉన్నవారికి కుర్చీలను గోడ నుంచి జరిపే వీలే ఉండదు గనుక అంతగా ఉపయోగపడకపోవచ్చు. కొత్త సామాను కొని గది రూపం మార్చుకోవాలనుకునేవారికి ఇది సరైన సేవ కాదు. తీసుకునేవారు కొలతల రోజున ఇంట్లో అందరూ ఉండేలా చూసుకోండి, మీ గదిలో ఎండ ఏ వేళ పడుతుందో ఆ వేళకే రమ్మని అడగండి, చివరి ప్లాను చేతికి వచ్చినప్పుడు ప్రతి ఆసనానికీ తెరకూ మధ్య దూరాన్ని మీరే ఒకసారి టేపుతో కొలిచి చూసుకోండి. మాకు రావలసినది ఇంకొకటి ఉంది: సోఫాను కూడా ఎత్తు చేయడానికి కాళ్ళ కింద వేసే చెక్క దిమ్మెలు తెస్తామన్నారు, ఇంకా తేలేదు. తెచ్చిన రోజున ఇక్కడే రాస్తాను.